బల్బీర్ అడిగిన రొట్టె

ఫోన్ వచ్చినప్పుడు నేను పులిహోర కలుపుతున్నాను. ఆ ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్దామని మా ఆయన పొద్దున్నే లేచి కారు తుడుచుకుంటున్నాడు. సిడ్నీలో మా కెల్లీవిల్ నుంచి అంత దూరం వెళ్తూ తినడానికేమీ లేకుండా కారెక్కడం ఆయనకు మహాపాపం. చేతులకు పసుపూ నూనే ఉన్నాయి కాబట్టి మోచేత్తో స్పీకర్ నొక్కాను. "ఆంటీ, సిమ్రన్‌ని. డాడ్ పాస్డ్ అవే," అంది అవతలి గొంతు. ఏడుపు లేదు అందులో. ఆఫీసులో మీటింగు వాయిదా పడిందని చెప్పినట్టు చెప్పింది. నేను కలపడం ఆపలేదు. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది కానీ ఆ పులిహోర మొత్తం కలిపి, మూత పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు బయటికి వెళ్ళి మా ఆయనతో చెప్పాను. ఆయన గుడ్డ బకెట్లో పడేసి వాకిలి మెట్టు మీద కూర్చుండిపోయాడు.

బల్బీర్ ఎవరో చెప్పాలి. మెల్‌బోర్న్‌లో మా పాత క్లేటన్ ఇంట్లో వెనక గదిలో అద్దెకున్నవాడు. తర్వాత జీవితమంతా అక్కడే టాక్సీ నడిపాడు. అది అందరికీ తెలిసిన సంగతి. అంతకు ముందు పంజాబ్‌లో, సిక్కులకు వేరే దేశం కావాలని, ఖలిస్తాన్ కావాలని తుపాకి పట్టుకుని తిరిగాడు. అది ఆ ఇంట్లో ఉన్న మా ముగ్గురికి మాత్రమే తెలుసనుకునేదాన్ని: నాకు, మా ఆయనకు, మా అత్తమ్మకు. అత్తమ్మ పోయి చాలాకాలమైంది. బల్బీర్ భార్య కూడా పోయింది. ఇక్కడే పుట్టి పెరిగిన సిమ్రన్‌కు నాన్న మాట తక్కువ మనిషి అనీ, ఎప్పుడూ తలుపు వైపు తిరిగి కూర్చునేవాడనీ, అంతవరకే తెలుసు.

మోకాళ్ళ నొప్పులతో మా ఆయన రాలేకపోయాడు, నేనొక్కదాన్నే మెల్‌బోర్న్ వెళ్ళాను. దహనం అయ్యాక గురుద్వారాలో ప్రార్థన. సిమ్రన్ ఎన్నడూ చూడని మనుషులు చాలామంది వచ్చారు. కాషాయం తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు మైకు తీసుకుని బల్బీర్‌ను సింహమన్నాడు, యోధుడన్నాడు, జాతి కోసం యవ్వనం ధారపోసినవాడన్నాడు. పక్కన కూర్చున్న సిమ్రన్ నా చెయ్యి పట్టుకుంది. భోజనాల హాల్లో గోడ మీద వరసగా వీరుల ఫొటోలున్నాయి. వాటి పక్కన పెట్టడానికి బల్బీర్ పడుచు వయసు ఫొటో ఒకటి కావాలని, రేపు సాయంత్రం ఇంటికొచ్చి తీసుకెళ్తామని వాళ్ళు ఆమెతో చెప్పారు. ఆమె సరేననలేదు, కాదనలేదు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. పిల్ల టీ పెట్టడం మొదలుపెట్టి, పాలు పొయ్యకుండానే నా వైపు తిరిగింది. "ఆంటీ, నిన్న వాళ్ళు ఎవరి గురించి మాట్లాడారు? మమ్ కంటే ముందు నుంచీ నాన్న మీకు తెలుసు. నాన్న ఎవర్నైనా చంపాడా?" అని ఇంగ్లీషులో అడిగింది. అడిగి, నా మొహం వైపే చూస్తూ నిలబడింది. అబద్ధం చెప్పడానికి వీల్లేని చూపు అది. ఫొటో ఇవ్వాలా వద్దా అన్నది పైకి కనబడే ప్రశ్న. తనను పెంచిన మనిషి ఎవరన్నది అసలు ప్రశ్న. కూర్చోమని చెప్పి మొదలుపెట్టాను. ఆ రోజు ఆమెకు చెప్పిందే కొంచెం తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

క్లేటన్‌లో మాది చెక్క ఇల్లు. చలికాలం వస్తే హాల్లో ఉన్న ఒక్క గ్యాసు హీటరు చుట్టూనే మా కాపురం. పాత కార్పెట్ తడిసిన గొర్రెబొచ్చు వాసన వేసేది. పెరట్లో ఒక నిమ్మచెట్టు, బట్టలారేసుకునే గుండ్రటి ఇనుప చట్రం ఉండేవి. మా ఆయన యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ వారాంతాల్లో ఒక గోదాములో పెట్టెలు మోసేవాడు. ఆ గోదాములో పరిచయమైనవాడే బల్బీర్. ఉండటానికి చోటు లేదంటే, అద్దె కలిసొస్తుందని ఈయన వెనక గది ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. అడగలేదని నేను మొహం ముడుచుకున్నాను కూడా. తీరా వచ్చిన మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కారణమే దొరకలేదు. ఆరడుగుల మనిషి, ఇంట్లో ఉన్నాడో లేడో తెలిసేది కాదు. తల మీద ఎప్పుడూ ఊలు టోపీ. దాని కింద జుట్టు సగం సగం పెరుగుతోంది. పారిపోయేటప్పుడు కత్తిరించుకున్న జుట్టు అది, మళ్ళీ పెంచుకుంటున్నాడు. సిక్కు మనిషికి జుట్టు కత్తిరించుకోవడమంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. మంగలి దగ్గరకెళ్ళడానికి బద్ధకమనుకున్నాను.

నన్ను భాభీజీ అనేవాడు. నేను బల్బీర్ భాయ్ అనేదాన్ని. తన పప్పు తనే వండుకునేవాడు, తన రొట్టెలు తనే కాల్చుకునేవాడు. పెరటి తలుపు దగ్గర నిలబడి గబగబా తినేసేవాడు. ఆ వెంటనే కంచం కడిగి, గుడ్డతో తుడిచి, బీరువాలో పెట్టేసేవాడు. గిన్నె కూడా అంతే. అతను తిని వెళ్ళాక వంటింట్లోకి వస్తే అక్కడ ఎవరైనా తిన్నారంటే నమ్మబుద్ధి కాదు. మా ఆయన తిన్న కంచం సాయంత్రం దాకా సింకులో ఎండేది. "చూసి నేర్చుకోండి" అని ఈయన్ని దెప్పడానికి బల్బీర్ నాకు బాగా పనికొచ్చాడు.

అతని గురించి నేను విన్న మొదటి నిజం కుక్కల గురించి. పక్కింటి ముసలావిడకు ఒక కుక్క ఉండేది. అది మొరిగినప్పుడల్లా బల్బీర్ చేస్తున్న పని ఆపి, మొరుగుడు ఆగేదాకా కదిలేవాడు కాదు. కుక్కలంటే భయమా అని నవ్వుతూ అడిగాను. లేదన్నాడు. "మేం తిరిగే ఊళ్ళలో కుక్కల్ని చంపించాం భాభీజీ. అవి మొరిగితే మేమొచ్చామని పోలీసులకు తెలిసిపోతుందని. ఎవరి కుక్కను వాళ్ళే చంపుకోవాలని చెప్పాం," అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక కాదు, ఏం చెయ్యాలో తెలియక ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం మా ఆయనతో చెబితే, "నాకు తెలుసు. అతని కేసు నడుస్తోంది, ఇక్కడ ఉండనిస్తారో లేదో. పోనీ, వాట్ కెన్ వుయ్ డూ? మనిషి మంచోడు," అన్నాడు. మంచోడు అన్న మాట నాకు మింగుడుపడలేదు.

మా పెద్దది కడుపులో ఉన్నప్పుడు అత్తమ్మ వచ్చింది. మా అమ్మ లేదు కాబట్టి పురిటికి ఆమెనే పిలిపించుకున్నాం. జగిత్యాల దగ్గర పల్లె ఆమెది. చేతులు పొడుగ్గా, గట్టిగా ఉండేవి. మనిషి మాట కూడా అంతే. విమానం దిగిన మర్నాడే మా వంటింటిని తన వంటింటిగా మార్చేసింది. కార్పెట్ వాసన పోయి ఇంట్లో వెల్లుల్లి, నువ్వులు, కాల్చిన ఎండుమిరప వాసన నిండింది. బియ్యప్పిండిలో పల్లీలూ శనగపప్పూ వేసి గిన్నెకు అద్ది సర్వపిండి కాలిస్తే, ఆ వాసనకు పక్కింటి ముసలావిడ కంచె దగ్గరికొచ్చి పలకరించేది. ఆమెకో ముక్క, పోస్ట్‌మాన్‌కో ముక్క. వచ్చిన మనిషికి పెట్టకుండా పంపడం అత్తమ్మకు చేతనయ్యేది కాదు.

ఒక్క బల్బీర్ మాత్రం ఆమె చేతి ముద్ద ముట్టలేదు. జగిత్యాల అంగట్లో నేర్చుకున్న ఉర్దూ కొంత వచ్చు ఆమెకు. దానితోనే వెంటపడేది. "తినేశాను అమ్మాజీ" అని దణ్ణం పెట్టి గదిలోకి వెళ్ళిపోయేవాడు. రోజూ ఇదే తంతు. మన చేతి తిండి పనికిరాదా వీడికని ఆమెకు రోషం వచ్చింది. ఒక ఆదివారం మా ఆయన అతన్ని గురుద్వారాలో దింపి, లోపల వరసలో కూర్చుని కడుపునిండా తింటుంటే చూసి వచ్చి చెప్పాడు. అత్తమ్మ మండిపడింది. "గుడిల తింటడట, ఇంట్ల తినడట! గిదేం మనిషయ్యా? నా చెయ్యి ఏం పాపం జేసింది?" అంది. ఎవరింట్లోనూ తినడట, అది అతని పట్టింపట అని నేను సర్ది చెప్పబోయాను. "పట్టింపు గాదు. ఇంకేందో ఉన్నది," అని ఆ రోజు నుంచి అతన్ని గమనించడం మొదలుపెట్టింది.

ఎక్కువ రోజులు పట్టలేదు. అతను తిని, కంచం కడిగి, తుడిచి, బీరువాలో పెట్టి పనికి వెళ్ళిపోయాక, అత్తమ్మ ఆ బీరువా తలుపు తెరిచి చాలాసేపు నిలబడింది. "బిడ్డా, గీ పిలగాడు తుపాకి పట్టి దిరిగినోడు," అంది. మేమెవరమూ ఆమెకు చెప్పలేదు. భయపడుతుందని చెప్పలేదు. "నీకెవరు చెప్పారత్తమ్మా?" అన్నాను. "గిన్నె జెప్పింది. మా ఊర్లె అన్నలు అడవిలకెల్లి వచ్చి తిని పోయిన్రంటే గిట్లనే కడిగి తుడిచి పెడుతుంటిమి. పోలీసోళ్లు వస్తే ముందుగాల సూసేటిది తడి గిన్నెలే. ఎంతమందికి వండిన్రే అని అడుగుతుండె." అన్నలంటే మా వైపు అడవుల్లో పేదల రాజ్యం కోసం తుపాకి పట్టినవాళ్ళు. వాళ్ళకు అన్నం పెట్టినందుకు మా చినమామను స్టేషనుకు తీసుకెళ్ళారని, తిరిగొచ్చాక ఆయన సరిగ్గా నడవలేదని పెళ్ళైన కొత్తలో విన్నాను. అన్నం పెట్టింది అత్తమ్మేనని మాత్రం నాకెవరూ చెప్పలేదు. అది ఆ బీరువా ముందు తెలిసింది.

కాన్పు అయ్యాక ఒక మధ్యాహ్నం. చలికాలపు ఎండ పెరటి మెట్ల మీద పడుతోంది. అత్తమ్మ పై మెట్టు మీద పాలకూర తుంపుతూ కూర్చుంది. బల్బీర్ కింద మెట్టు మీద బూట్లు తుడుచుకుంటున్నాడు. నేను పసిదాన్ని ఒళ్ళో వేసుకుని తలుపు లోపలే ఉన్నాను. వాళ్ళు మాట్లాడుకుంది వచ్చీ రాని హిందీలో. కానీ అత్తమ్మ గొంతు నా చెవిలో ఆమె భాషలోనే ఉండిపోయింది, అలాగే రాస్తాను.

"ఎవలింట్ల తిన్నవు బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ, ఆకు తుంపుతూనే. ఎందుకు తినవు అని అడగలేదు. బల్బీర్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. దాన్ని మెట్టు మీద పెట్టి చెప్పాడు. కాలవ పక్కన ఒక ఇల్లు, ఊరి పేరు కూడా చెప్పాడు. చెరకు తోటల్లో పడుకుని, బావి మోటారు కొట్టాల్లో పడుకుని, ఆకలితో ఆ ఇంటికి వెళ్ళేవాళ్ళట. ఆ ఇల్లాలు పొయ్యి వెలిగించి అందరికీ రొట్టెలు కాల్చేదట. తిన్నాక, దారికి కూడా రొట్టెలూ ఊరగాయా గుడ్డలో మూట కట్టి ఇచ్చేదట. "మా అమ్మ కూడా అంత ప్రేమగా పెట్టలేదు. మా పోరాటం కోసం పెట్టింది. మమ్మల్ని కొడుకులనుకుంది," అన్నాడు. తర్వాత పోలీసులు వచ్చి ఆమె భర్తనూ పెద్ద కొడుకునూ తీసుకుపోయారు. వాళ్ళు తిరిగి రాలేదు. మళ్ళీ ఎవరి పొయ్యి మీదా తిననని ఒట్టు పెట్టుకున్నాడు. గురుద్వారాలో అయితే అది ఏ ఒక్కరి పొయ్యీ కాదు కాబట్టి తింటాడు.

అత్తమ్మ పాలకూర పక్కన పెట్టింది. "తినేటప్పుడు తుపాకి ఏడ పెడుతుంటివి?"

"పక్కన. మంచం మీద."

"ఆమె సూస్తుండెనా?"

అతను బూటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"సూస్తనే ఉంటది. నేను గూడ సూసిన. గోడకు ఆనిచ్చి పెడుతుండిరి మా ఇంట్ల. అన్నలు చెడ్డోళ్లు గాదు, మాలాంటోళ్ల కోసమే తిరిగిన్రు. నాకెర్కే. అయినా గా తుపాకి గోడకుండంగ అన్నం బెడుతుంటే నా చెయ్యి వణుకుతుండె. వద్దంటే ఏమైతదో ఎవలకెర్క? ఊకె ఎందుకు మూట గట్టిస్తుంటి అనుకున్నవ్? ప్రేమ గాదు బిడ్డా. మూట ఇస్తే జల్ది పోతరని. తెల్లారెదాక ఉండరని."

బల్బీర్ లేచి నిలబడ్డాడు. అతని మొహం నాకు కనబడలేదు. వీపు మాత్రం కనబడింది. కొడతాడేమోనని నిజంగా భయమేసింది, పిల్లను దగ్గరికి లాక్కున్నాను. "నువ్వు ఆమెవు కాదు. ఆమె మనసు నీకెలా తెలుసు?" అని అరిచాడు. ఆ ఇంట్లో అతని గొంతు పెద్దగా వినడం అదే మొదటిసారి, చివరిసారి కూడా. పక్కింటి కుక్క మొరిగింది. అత్తమ్మ కదల్లేదు. "నాకు తెల్వది. నీకు తెల్సా?" అంది.

కూలబడ్డట్టు కూర్చున్నాడు. అప్పుడు ఎవరూ అడగకుండానే మిగతాది చెప్పాడు. ఆ ఇంటి సంగతి పోలీసులకు ఎవరు చెప్పారని వీళ్ళ గుంపు ఆలోచించింది. ఇంటింటికీ తిరిగే పాలవాడి మీద అనుమానం వచ్చింది. అతన్ని ఇంట్లోంచి పిలిచారు. కాదని ఒట్టు పెట్టాడట, దణ్ణం పెట్టాడట. కాల్చిన వాళ్ళలో బల్బీర్ ఉన్నాడు. పక్కన నిలబడలేదు, తనూ కాల్చాడు. కొన్నాళ్ళకు తెలిసింది, చెప్పింది పాలవాడు కాదని. వాళ్ళ గుంపులోనే పట్టుబడ్డ ఒకడు దెబ్బలకు తాళలేక చెప్పేశాడు. "ఆ ఇంట్లో అంత ప్రేమ ఉందనుకున్నాను కాబట్టే అంత కోపం వచ్చింది అమ్మాజీ," అన్నాడు బల్బీర్. అత్తమ్మ అతని భుజం తట్టలేదు, ఏడవద్దనలేదు. అట్లా చేసి ఉంటే నేను ఆమెను క్షమించేదాన్ని కాదు. ఆమె పాలకూర గిన్నె చేతిలోకి తీసుకుని, "ఇగ నిన్ను తినుమని అడుగ. ఆకలైతే నువ్వే అడుగు. తుపాకి లేకుండ అడుగుడు నేర్సుకో," అని లోపలికి వచ్చేసింది.

ఆ తర్వాత బల్బీర్ మా కంటబడకుండా తిరిగాడు. ఇల్లు ఖాళీ చేస్తాడనుకున్నాను, చేస్తే బాగుండుననీ అనుకున్నాను. హత్య చేసిన మనిషి ఉన్న ఇంట్లో పసిపిల్లకు పాలివ్వడం ఎలాగుంటుందో చెప్పలేను. అతను పిల్ల ఉయ్యాల వైపు చూస్తే ఒళ్ళు మండేది. అదే మనిషి నా పిల్ల గుడ్డలు వానకు తడుస్తుంటే పరిగెత్తుకెళ్ళి తీసుకొచ్చి మడతపెట్టి ఉంచేవాడు. రెండూ ఒకే చేతులు. ఇప్పటికీ నాకు ఆ లెక్క తేలలేదు.

ఒకరోజు పొద్దున్న పని నుంచి వచ్చాడు. అత్తమ్మ పొయ్యి దగ్గరుంది. వంటింటి గడప అవతలే నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సగం పెరిగిన జుట్టు చెవుల మీద పడుతోంది. "అమ్మా, రొట్టె ఉందా?" అన్నాడు. పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది. ఇల్లంతా ఆ వాసనే. అత్తమ్మ వెనక్కి తిరిగి అతన్ని పైనుంచి కింది దాకా చూసి, "లేదు," అంది. నేను నోరు తెరిచాను. బల్బీర్ తల ఊపాడు. "సరే అమ్మా," అని టోపీ పెట్టుకుని తన గదికి వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగా వేసుకున్నాడు.

అత్తమ్మ పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. "సూసినవా బిడ్డా? పోయిండు. లేదంటే పోయిండు. గీ ఒక్క మాట అనెతందుకు ఇన్నేండ్లు పట్టింది నాకు," అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, సర్వపిండి కంచంలో వేసి, నువ్వుల పొడి పెట్టి, వెళ్ళి అతని తలుపు కొట్టింది. అతను మా బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చోమని ఆమే చెప్పింది. కూర్చున్నాడు కానీ తింటున్నంతసేపూ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. తిన్నాక కంచం ఎత్తబోతే, "ఉండనియ్, మెల్లగ కడుగుత," అంది. ఆ ఎంగిలి కంచం మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉంది.

దీంతో అంతా చక్కబడిందని రాస్తే బాగుంటుంది కానీ, చక్కబడలేదు. తర్వాత కూడా అతను ఎప్పుడో గానీ తినలేదు. అత్తమ్మ ఊరికి వెళ్ళిపోయింది. మాకు సిడ్నీలో ఉద్యోగాలొచ్చి క్లేటన్ వదిలేశాం. అతనికి ఉండటానికి అనుమతి వచ్చింది, జుట్టు నడుం దాకా పెరిగింది, పెళ్ళైంది, సిమ్రన్ పుట్టింది. దీపావళికి ఒక ఫోను, అత్తమ్మ పోయినప్పుడు ఒక ఫోను. ఇప్పుడు క్లేటన్ వెళ్తే మా ఇల్లున్న చోట అపార్ట్‌మెంట్లున్నాయి. వాటి కింద కొట్లో జొన్నపిండి నుంచి సర్వపిండి గిన్నె దాకా అన్నీ దొరుకుతాయి. మన పిల్లలే ఒక్కో గదిలో నలుగురేసి ఉంటున్నారు. కెల్లీవిల్‌లో మా వాళ్ళింట్లో పెరటి బార్బెక్యూకి వెళ్తే, ఐటీ కుర్రాళ్ళు బీరు పట్టుకుని అన్నల పాటలు ఫోన్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటారు. "వాట్ అ లైఫ్ ఆంటీ, గట్ల బతకాలె," అంటారు. వాళ్ళింట్లో గోడకు ఎవరూ తుపాకి ఆనించలేదు. ఆ కాషాయం తలపాగా పెద్దాయనా అంతే. దూరం నుంచి చూస్తే వీరులు చాలా బాగుంటారు. అప్పట్లో మాకు వీరుడు పక్క గదిలోనే ఉండేవాడు, అందుకని మాకు ఆ సుఖం లేకుండా పోయింది.

ఇదంతా సిమ్రన్‌కు చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు ఆమె. టీ అలాగే చల్లారిపోయింది. చెప్పడం అయ్యాక లేచి, స్నానాల గదిలోకి వెళ్ళి, చాలాసేపు రాలేదు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. చెప్పి తప్పు చేశానా అని నాకు అనిపించలేదని అనను. నాన్న పోయి వారం తిరగలేదు, ఆ పిల్లకు ఆయన్ని రెండోసారి చంపిపెట్టినట్టైంది. కానీ గోడ మీది అబద్ధానికి దణ్ణం పెట్టుకుంటూ బతకమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం కాషాయం తలపాగా పెద్దాయన, ఇంకొకాయన వచ్చారు. సిమ్రన్ వాళ్ళకు టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. పెద్దాయన మర్యాదస్తుడు. ఆయన్ని దెయ్యంగా చూపించాలని నాకు లేదు. ఆయన తమ్ముడు అప్పట్లో పోలీసుల చేతిలో పోయాడని మాటల్లో చెప్పాడు. "ఫొటో ఉంచావా బేటీ?" అన్నాడు.

"లేదు అంకుల్. ఇవ్వను," అంది సిమ్రన్.

"మీ నాన్న మా అందరి కోసం..."

"ఒక పాలవాణ్ణి చంపాడు అంకుల్. ఆ మనిషి ఏమీ చెయ్యలేదు. ఆ ఫొటోలు పెట్టిన గోడ మీద ఆ పాలవాడిది ఉందా?"

రెండో ఆయన నా వైపు చూశాడు, ఇదంతా ఈవిడ చేసిన పనేనన్నట్టు. నేను చూపు తిప్పుకోలేదు. పెద్దాయన కప్పు కింద పెట్టి, "అప్పటి రోజులు నీకు తెలియవు బేటీ," అన్నాడు. గద్దించినట్టు కాదు, అలిసిపోయినట్టు. "తెలియవు" అని ఒప్పుకుంది ఆమె. ఒప్పుకుని కూడా లేచి వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. వాళ్ళు బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. పెద్దాయన వెళ్తూ ఆమె తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండానే వెళ్ళాడు.

తలుపు వేసి వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. నాన్న కోసమో, నాన్న మీదో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసి ఉండదు. వీపు నిమురుతూ కూర్చున్నాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఆంటీ, ఆ పాలవాడికి పిల్లలున్నారా?" అంది.

"ఉన్నారనే చెప్పాడు మీ నాన్న. చిన్నపిల్లలు."

"ఆయన కాదని తర్వాత తెలిసింది కదా. వాళ్ళకెవరైనా చెప్పారా?"

ఇన్నేళ్ళలో ఆ రొట్టెల గురించి, ఆ మూట గురించి, ఆ ఇల్లాలి గురించి ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఈ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. అత్తమ్మకూ తట్టలేదు. బల్బీర్‌కు తట్టే ఉంటుంది. ఎక్కడో పంజాబ్‌లో ఒక ఇంట్లో పిల్లలు పోలీసులకు ఊసులు మోసినవాడి పిల్లలుగా పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, ఇవాళ్టికీ ఆ మాట పడుతూ బతుకుతుంటారు. కాదని తెలిసినవాడు నిన్ననే ఇక్కడ బూడిదయ్యాడు.

"లేదు," అన్నాను. "ఎవరూ చెప్పి ఉండరు."

సిమ్రన్ ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "ఊరి పేరు గుర్తుందా ఆంటీ?" అని అడిగింది.

ఊరి పేరు చెప్పాను.